మాలీషు బిల్లు... బీమాకు చెల్లుతుందా?

నడుము పట్టేసిందంటే చాలా ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది డాక్టరు కాదు, నువ్వుల నూనె. గోరువెచ్చగా కాచి, ఇంత పసుపు కలిపి, బలంగా రుద్దే చెయ్యి ఒకటి దొరికితే సగం నొప్పి అక్కడే పోతుందని పెద్దల నమ్మకం. నిజామాబాద్, బోధన్ చుట్టుపక్కల ఆ చేతికి గిరాకీ ఎప్పుడూ తగ్గలేదు. ఎలా తగ్గుతుంది? చెరుకు నరకాలంటే పొద్దస్తమానం వంగాలి. కట్టలు కట్టి ట్రాక్టరుకెత్తాలి. పసుపు తవ్వాలన్నా వంగాలి, వరి నాటాలన్నా వంగాలి. ఇక ఇంటి ముందు చాట ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తకుండా బీడీలు చుట్టే ఆడవాళ్ల మెడలు, భుజాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒకప్పుడు ఈ మాలీషుకు బిల్లు లేదు. కళ్లంలో ఇన్ని గింజలో, పండక్కి ఓ కొత్త బట్టో ఇస్తే లెక్క తీరిపోయేది. ఇప్పుడు ఊళ్లోనే ఫిజియోథెరపీ క్లినిక్కులున్నాయి. ఆయుర్వేద కేంద్రాలున్నాయి. ఏసీ గదుల్లో మసాజ్ చేసే స్పాలున్నాయి. ఇంటికొచ్చి రోజుకింత అని తీసుకునేవాళ్లూ ఉన్నారు. మరోపక్క అల్మారాలో ఆరోగ్య బీమా పాలసీ ఒకటి పడి ఉంటుంది. ఏటా వేలకు వేలు ప్రీమియం కడుతున్నప్పుడు ఈ బిల్లు మాత్రం కంపెనీ ఎందుకివ్వదు అన్న సందేహం రావడం సహజం.

జవాబు రెండు ముక్కల్లో చెప్పాలంటే... మాలీషు అంటే ఇవ్వదు. చికిత్స అంటే ఇవ్వొచ్చు. ఆ తేడాను తేల్చేది రుద్దిన చెయ్యి కాదు, దాని వెనకున్న కాగితం. ఆ కాగితం సంగతి ముందే తెలియక, న్యాయంగా రావలసిన డబ్బును కూడా వదులుకుంటున్న కుటుంబాలు ఉంటాయి. అందుకే ఈ లెక్క.

పదమూడో నంబరు మినహాయింపు

దేశంలోని బీమా కంపెనీలన్నిటికీ నిబంధనలు రాసే ఐఆర్‌డీఏఐ ఎక్కడో ఢిల్లీలో లేదు. మన హైదరాబాద్‌లోనే ఉంది. 2019 సెప్టెంబరులో ఆ సంస్థ ఓ మంచి పని చేసింది. అంతకుముందు 'వీటికి డబ్బులివ్వం' అనే జాబితాను ఒక్కో కంపెనీ ఒక్కో భాషలో రాసుకునేది. వాటన్నిటికీ ఒకే మాటలు, ఒకే నంబర్లు ఖరారు చేసింది. మీ పాలసీ తెరిచి 'మినహాయింపులు' అన్న పేజీలో 'ఎక్స్‌సీఎల్ 13' అన్న చోట చూడండి. హెల్త్ హైడ్రోలు, నేచర్ క్యూర్ క్లినిక్కులు, స్పాలు, అలాంటి ఇతర చోట్ల చేయించుకున్న చికిత్సలకు చెల్లించబోమని ఉంటుంది. స్పాలో చేయించుకున్న మసాజ్ కథ అక్కడితో ముగిసినట్టే. ఎంత నొప్పితో వెళ్లినా, ఎంత బాగా తగ్గినా అంతే.

ఇందులో ఓ విచిత్రం లేకపోలేదు. ఆయుష్ అన్న మాటలో 'యు' అక్షరం యునానీది అయితే, 'వై' అక్షరం యోగా, ప్రకృతి వైద్యానిది. అంటే ప్రకృతి వైద్యాన్ని ప్రభుత్వమే ఒక వైద్య విధానంగా గుర్తించింది. హైదరాబాద్ అమీర్‌పేటలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం దశాబ్దాలుగా నడుస్తోంది. పాలసీలో మాత్రం 'నేచర్ క్యూర్ క్లినిక్' స్పా పక్కన కూర్చుంది! ఓ చేత్తో గుర్తింపు, ఇంకో చేత్తో మినహాయింపు. కాబట్టి ప్రకృతి చికిత్సకు వెళ్లేవాళ్లు చేరకముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం క్షేమం.

పన్నుల శాఖ కూడా ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది. గుర్తింపు పొందిన వైద్య కేంద్రాల్లో చేసే చికిత్సకు జీఎస్టీ లేదు. ఒంటి హాయి కోసం చేసే సేవలకు ఉంది. 2025 సెప్టెంబరు 22 వరకూ వాటిమీద 18 శాతం, ఆ రోజు నుంచి 5 శాతం. మసాజ్ సెంటరు, జిమ్ము, సెలూను అన్నీ ఒకే గూటి పక్షులన్నమాట. మసాజ్ బిల్లు కింద జీఎస్టీ వరస కనిపించిందంటే, అది చికిత్స కాదని ఇచ్చినవాళ్లే చెప్పుకున్నట్టు.

ఆ అరవై రోజులు

అసలు డబ్బు ఉన్నదీ, చాలామంది వదిలేసుకునేదీ ఇక్కడే.

బోధన్ దగ్గర పల్లెలో ఓ రైతు కుటుంబాన్ని ఊహించుకుందాం. పెద్దాయనకు మోకీలు మార్చారు. ఆస్పత్రి బిల్లు నగదు రహితంగా తీరింది. ఇంటికొచ్చాక కాలు మడవడం లేదు. కొడుకు నిజామాబాద్ నుంచి ఫిజియోథెరపిస్టును మాట్లాడాడు. సిట్టింగుకు రూ. 400 చొప్పున 30 సిట్టింగులు అంటే రూ. 12 వేలు. మధ్యలో బంధువులు చెప్పారని మాలీషు మనిషినీ పెట్టారు. రోజుకు రూ. 300 చొప్పున 30 రోజులు, రూ. 9 వేలు. రెండు బిల్లులూ బీమాకు పనికిరావనుకుని కొడుకు పక్కన పడేశాడు.

నిజానికి రెండోది పనికిరాదు. మొదటిది వస్తుంది!

ఆస్పత్రిలో చేరినందుకు క్లెయిమ్ మంజూరైతే, అదే జబ్బుకు సంబంధించి డిశ్చార్జ్ తర్వాత కొన్నాళ్లపాటు అయ్యే వైద్య ఖర్చులు కూడా చాలా పాలసీల్లో భాగమే. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మకానికి వచ్చిన ప్రామాణిక పాలసీ 'ఆరోగ్య సంజీవని'నే తీసుకుంటే, చేరకముందు 30 రోజులు, ఇంటికొచ్చాక 60 రోజులు. కొన్ని కంపెనీలు ఇంకా ఎక్కువ రోజులిస్తాయి. మందులు, పరీక్షలతోపాటు డాక్టరు రాసిన ఫిజియోథెరపీ కూడా ఈ ఖాతాలోకి వస్తుంది. ఆరోగ్య సంజీవనిలో 5 శాతం మన వాటా. ఆ లెక్కన పై ఉదాహరణలో రూ. 12 వేలకు రూ. 600 పోగా రూ. 11,400 తిరిగి రావాలి. ఒక ఎకరం నాటుకు కూలీల ఖర్చో, పిల్లాడి కాలేజీ ఫీజులో ఒక వాయిదానో... చిన్న మొత్తమేం కాదు.

మరి ఎందుకు రాదు? సాధారణంగా కారణం ఒక్క వాక్యం. డిశ్చార్జ్ సమ్మరీలో ఫిజియోథెరపీ చేయించుకోవాలని, ఎన్ని రోజులో, ఎన్ని సిట్టింగులో సర్జన్ రాసి ఉండాలి. 'కాలు ఆడించండి' అని నోటితో చెబితే కంపెనీకి వినిపించదు. ఆస్పత్రి నుంచి బయటికొచ్చే హడావుడిలో మందుల చీటీ చూసుకుంటాం, వాహనం మాట్లాడుకుంటాం, సమ్మరీ మాత్రం చదవం. ఆ రోజే అడిగితే డాక్టరు రాసిస్తాడు. రెండు నెలల తర్వాత వెళ్లి పాత తేదీతో రాసిమ్మంటే ఆయనకూ ఇబ్బందే, మనకూ తప్పే.

బిల్లు విషయంలోనూ అంతే. 'ఫిజియోథెరపీ - రూ. 12,000' అన్న ఒక్క ముక్క చాలదు. ఏ రోజు వచ్చారు, ఏం చేశారు, ఎంత తీసుకున్నారు అన్నది తేదీల వారీగా ఉండాలి. ఫిజియోథెరపిస్టు పేరు, అర్హత, సంతకం ఉండాలి. ఫిజియోథెరపిస్టులు కూడా చేతులతో కండరాన్ని నొక్కుతారు, సాగదీస్తారు. వాళ్ల భాషలో దాన్ని మాన్యువల్ థెరపీ అనో, సాఫ్ట్ టిష్యూ మొబిలైజేషన్ అనో అంటారు. చేసింది అదే అయినప్పుడు ఆ మాటే రాయాలి. వాడుకగా 'మసాజ్' అని రాసి పారేస్తే క్లెయిమ్ చూసే గుమాస్తా కళ్లకు స్పా కనిపిస్తుంది.

గడువు ఇంకోటి. ఆరోగ్య సంజీవనిలో ఈ బిల్లుల్ని చికిత్స ముగిసిన 15 రోజుల్లో పంపాలి. ఆపరేషన్‌తోనే బీమా మొత్తం అయిపోతే మాత్రం చేసేదేం లేదు. రూ. 3 లక్షల పాలసీలో రూ. 3 లక్షలూ ఆస్పత్రికే వెళ్లిపోతే 60 రోజుల హక్కు కాగితం మీదే మిగులుతుంది. నడుము బెల్టు, మోకాలి బ్రేసు, చేతికర్రలాంటివి, వేడి-చల్లని ప్యాకులు, తోడున్న మనిషి చార్జీలు... ఇవన్నీ చాలా పాలసీల్లో చెల్లించని వస్తువుల పట్టీలోనే ఉంటాయి. వాటిమీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

'ఫిజియో అని రాయించుకుంటే అయిపాయె గదా!'

రచ్చబండ దగ్గర ఈ సలహా ఇచ్చేవాళ్లకు కొదవుండదు. మాలీషు మనిషికిచ్చిన రూ. 9 వేలను కూడా తెలిసిన క్లినిక్కులో ఫిజియో బిల్లుగా రాయించేస్తే ఎవరికి తెలుస్తుంది? తెలియకపోవచ్చు. తెలిస్తే మాత్రం పోయేది రూ. 9 వేలు కాదు. ప్రతి పాలసీలోనూ 'మోసం' అన్న పేరుతో ఓ పేరా ఉంటుంది. అబద్ధపు బిల్లు పెడితే పాలసీ కింద రావలసిన ప్రయోజనాలన్నీ రద్దవుతాయి, కట్టిన ప్రీమియం కూడా పోతుంది. అయిదేళ్లు వరసగా ప్రీమియం కట్టినవాళ్ల పాలసీని పాత జబ్బులు దాచారంటూ కంపెనీ ప్రశ్నించకూడదని 2024 నుంచి నిబంధన ఉంది. ఆ రక్షణ కూడా మోసం రుజువైతే వర్తించదు. రేపు గుండెకో, కిడ్నీకో అవసరమైన లక్షల రక్షణను నూనె ఖర్చు కోసం తాకట్టు పెట్టడమే అది.

అభ్యంగనానికి మంచం కావాలి

ఇక ఆయుర్వేదం. ఇందులో మసాజ్ చికిత్సలో భాగమే, సందేహం లేదు. అయితే ఒంటికి నూనె పట్టించే అభ్యంగనం అసలు పంచకర్మల్లో ఒకటి కాదు. వమనం, విరేచనం, వస్తి, నస్యం వంటి ప్రధాన కర్మలకు ముందు శరీరాన్ని సిద్ధం చేసే పూర్వకర్మ అది. అందుకే బిల్లులో 'అభ్యంగనం, ఏడు రోజులు' అని మాత్రమే ఉంటే కంపెనీ దాన్ని సేదతీరడం కింద జమకట్టేస్తుంది. గృధ్రసి అనే సయాటికాకో, పక్షవాతానికో రోగిని చేర్చుకుని, రోజువారీ పరిస్థితి నమోదు చేస్తూ, చికిత్సలో భాగంగా అభ్యంగనం చేస్తే అదే బిల్లుకు బలం వస్తుంది.

యునానీకీ ఇదే వర్తిస్తుంది. నిజామాబాద్, బోధన్‌లలో హకీముల మాట వినేవాళ్లు తక్కువేం కాదు. యునానీలో మర్దనకు 'దలక్' అని పేరే ఉంది. హమ్మామ్, హిజామాలతోపాటు అది ఇలాజ్-బిత్-తద్బీర్ అనే విభాగం కిందికి వస్తుంది.

బీమా నిబంధనల్లో ఈ వైద్యాలకు తలుపు తెరుచుకున్నది 2013లో. అప్పట్లో ప్రభుత్వ ఆస్పత్రో, గుర్తింపు ఉన్న సంస్థో అయితేనే కంపెనీలు ఇవ్వవచ్చన్నారు. 2024 జనవరిలో ఐఆర్‌డీఏఐ ఇంకో అడుగు వేసి, ఏప్రిల్ 1 నుంచి ఆయుష్ చికిత్సల్ని మిగతా వాటితో సమానంగా చూడాలని కంపెనీలకు చెప్పింది. అదే జనవరి 10న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయుర్వేద, సిద్ధ, యునానీ జబ్బుల పేర్లకూ తన అంతర్జాతీయ వర్గీకరణలో కోడ్‌లు విడుదల చేసింది. బిల్లు మీద జబ్బు పేరు ఎవరికీ అర్థం కావడం లేదన్న సాకుకు ఇక చోటు తగ్గింది.

సమానం అన్నారు కదా అని వీధి చివరి కేంద్రంలో గంటసేపు నూనె రాయించుకుని బిల్లు పెడితే కుదరదు. పాలసీ భాషలో ఆయుష్ ఆస్పత్రి అంటే కనీసం అయిదు మంచాలుండాలి, ఆ విధానం చదివిన వైద్యుడు రాత్రింబవళ్లూ బాధ్యుడిగా ఉండాలి, రికార్డులు రాయాలి. రోగి 24 గంటలకు తక్కువ కాకుండా చేరి ఉండాలి. ఒక్కరోజు చికిత్సలకు ప్రత్యేకంగా గుర్తింపు పొందిన డే కేర్ కేంద్రాలైతే వేరు. ఇంటి దగ్గరే చేయగలిగిన దానికి అనవసరంగా చేర్పించారని కంపెనీకి అనిపిస్తే అక్కడా పేచీయే. అందుకే చేరకముందే డాక్టరు చీటీతో కంపెనీకి రాసి అనుమతి తీసుకోవడం మేలు.

ఆస్పత్రిలో చేరకుండా, కేవలం నడుంనొప్పికి పది రోజులు క్లినిక్కుకు తిరిగే ఫిజియోథెరపీకి మామూలు పాలసీలో ఏమీ రాదు. ఓపీడీ రక్షణ కూడా కలిపి కొన్న పాలసీ అయితేనే అడగొచ్చు. దానికి ప్రీమియం ఎక్కువ, పరిమితి తక్కువ. లెక్క వేసుకుని గానీ తీసుకోకూడదు.

చక్కెర సీజను, బీమా లేని సీజను

ఇదంతా పాలసీ ఉన్నవాళ్ల సంగతి. ఒళ్లు హూనం చేసుకునేవాళ్లలో అది లేనివాళ్లే ఎక్కువ.

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. నిజాంసాగర్ నీళ్లతో చెరుకు, ఆ చెరుకుతో చక్కెర, ఆ చక్కెరతో ఓ పట్టణం. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. రైతులు చాలామంది వరి వైపు మళ్లారు. ఫ్యాక్టరీ బాగా నడిచిన కాలంలోనూ ఓ తిరకాసు ఉండేది. కార్మికుల ఆరోగ్య బీమా కోసం 1948లో చేసిన ఈఎస్ఐ చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను మినహాయించింది. ఆ సీజనల్ పనుల పట్టీలో పత్తి జిన్నింగు, వేరుశెనగ కాయలు ఒలవడంతోపాటు చక్కెర, బెల్లం తయారీ కూడా ఉన్నాయి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా సీజనల్ ఫ్యాక్టరీలను పక్కనే ఉంచింది. ఏడాదిలో కొన్ని నెలలే గానుగ ఆడుతుందన్నది సర్కారు వాదన. నడుముకు మాత్రం సీజను తెలియదు కదా! చెరుకు నరికే కూలీకి ఆ ఫ్యాక్టరీ గేటుతోనే సంబంధం ఉండదు. ఆయన బీమా లెక్కలో ఏనాడూ లేడు.

మిగిలింది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై రాష్ట్రమంతా విస్తరించిన ఈ పథకంలో, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి రూ. 10 లక్షల వరకూ చికిత్స ఉంది. పెద్ద ఆపరేషన్లకు ఇంతకు మించిన ఆసరా పేదింటికి లేదు. కానీ ఇది ప్యాకేజీ పద్ధతి. డబ్బు నేరుగా ఆస్పత్రికే వెళ్తుంది. ఇంటికొచ్చాక బయట చేయించుకున్న ఫిజియోథెరపీ బిల్లులు తెచ్చి ఇమ్మంటే కుదరదు. ఆపరేషన్ ఉచితమైనా కాలు మడిచే ఖర్చు సొంతమే. అందుకే నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలాంటి చోట్లకు మళ్లీ వెళ్లి ఆ సేవ అడగడమే దారి. పల్లె నుంచి రోజూ బస్సెక్కి వెళ్లడం ఎంతమందికి కుదురుతుందన్నది వేరే ప్రశ్న. ఆపరేషన్‌కు లక్షలు పెట్టే పథకం, అది ఫలించడానికి కావలసిన నాలుగు వారాల ఫిజియోను మండల కేంద్రం దాకా తేలేకపోవడం మాత్రం లోపమే.

రోడ్డు ప్రమాదమైతే దారి వేరు. ట్రాక్టరో లారీనో గుద్ది కాలు విరిగితే, ఆ వాహనానికి చేసిన బీమా నుంచి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ద్వారా పరిహారం అడగొచ్చు. అక్కడ చికిత్స ఖర్చుతోపాటు కోల్పోయిన సంపాదననూ లెక్కగడతారు. ఫిజియో రసీదులు దాచుకుంటే ఈ కేసులో అక్కరకొస్తాయి.

అమెరికాలో పావుగంటకో బిల్లు

అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నలు 'అక్కడ మసాజ్‌కి కూడా ఇన్సూరెన్సుంటదట' అని చెబుతుంటారు. అందులో సగమే నిజం. అక్కడ ప్రతి వైద్య సేవకూ ఓ అంకె ఉంటుంది. మసాజ్ చికిత్సది 97124. పావుగంట ఒక యూనిట్. డాక్టరు సూచన, జబ్బు కోడ్, చేసిన నిమిషాలు, ఎంత మెరుగైందన్న నోట్సు... ఇవన్నీ ఉంటేనే కంపెనీ బిల్లు చూస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 1996 నుంచి అమల్లో ఉన్న చట్టం వల్ల లైసెన్సు ఉన్న మసాజ్ థెరపిస్టులను బీమా కంపెనీలు గంపగుత్తగా పక్కన పెట్టలేవు. ఫ్లోరిడా చట్టం మాత్రం 2013 నుంచి వాహన ప్రమాద బీమాలో మసాజ్‌ను తీసేసింది. ముసలివాళ్లకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ మసాజ్‌కి డబ్బులివ్వదు. జర్మనీలో డాక్టరు రాస్తే మసాజ్‌కూ బీమా ఇస్తుంది, రోగి పదిశాతంతోపాటు చీటీకి పది యూరోలు వేసుకోవాలి. దేశమేదైనా డాక్టరు చీటీ లేని మాలీషుకు గిట్టుబాటు తక్కువే.

కాదన్నారా? కాగితం అడగండి

క్లెయిమ్ తిరస్కరిస్తే చాలామంది ఫోన్లోనే వాదించి ఊరుకుంటారు. అలా చేయకూడదు. పాలసీలోని ఏ షరతు ప్రకారం కాదన్నారో కంపెనీ రాసివ్వాలి. 2024 మే నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం, కంపెనీలోని సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమ్‌నూ కొట్టేయకూడదు. ఒక్కో గుమాస్తా ఇష్టానికి వదిలే రోజులు పోయాయి. కనీసం నిబంధనల్లో!

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలంగాణకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. రూ. 50 లక్షల వరకూ వివాదాలు చూస్తారు. ఫీజు లేదు, వకీలును పెట్టుకునే పనీ లేదు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి, అప్పటికే కోర్టులో కేసు వేసి ఉండకూడదు. తీర్పు ఇస్తే కంపెనీ 30 రోజుల్లో పాటించాలి. ఐఆర్‌డీఏఐకి ఫోన్లో చెప్పాలనుకుంటే 155255 నంబరుంది. అంత దూరం వద్దనుకుంటే నిజామాబాద్‌లోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

ఎక్కడికెళ్లినా వెంట ఉండాల్సినవి నాలుగే. పాలసీ కాపీ, కంపెనీ రాసిన తిరస్కరణ లేఖ, తేదీలవారీ బిల్లులు, ఫిజియోథెరపీ చేయించుకోవాలని సర్జన్ రాసిన ఆ డిశ్చార్జ్ సమ్మరీ.